క్లస్టర్ మీద నోట్‌బుక్: బాబాయి ఉత్తరం

చిన్నా,

క్లస్టర్‌లో, అంటే నలుగురూ పంచుకునే కంప్యూటర్ల గుంపులో, అకౌంట్ వచ్చింది, అక్కడ జూపిటర్ (బ్రౌజర్‌లో కోడ్ రాసి నడిపే నోట్‌బుక్) ఎలా నడపాలని నిన్న అడిగావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు మీ దగ్గర బ్రౌజర్ నుంచే నేరుగా నోట్‌బుక్ తెరిపించే జూపిటర్‌హబ్ గానీ ఓపెన్ ఆన్‌డిమాండ్ గానీ ఉందేమో కనుక్కో. ఉంటే సగం తంటా తప్పినట్టే. లేకపోతే చదువు.

ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే కమాండ్‌తో, లోపలికి వెళ్లగానే నువ్వు దిగేది లాగిన్ నోడ్‌లో (నోడ్ అంటే క్లస్టర్‌లోని ఒక కంప్యూటర్). అది వీధి అరుగు లాంటిది, వచ్చేపోయేవాళ్లందరిదీ. ఫైళ్లు సర్దుకో, జాబ్ (నడపాల్సిన పని) పంపుకో, అంతే. అక్కడ మంచం వేశావంటే అందరి టెర్మినళ్లూ నత్తనడక పడతాయి, అడ్మిన్ నీ ప్రాసెస్ చంపేస్తాడు. అందులో అతని తప్పేం లేదు.

నోట్‌బుక్ నడవాల్సింది కంప్యూట్ నోడ్‌లో. మీది స్లర్మ్ (జాబులకి వరసలో నోడ్లు పంచే ప్రోగ్రామ్) అన్నావుగా, దాని ఎస్‌బ్యాచ్ కమాండ్‌కి ఇచ్చే స్క్రిప్టులో ఎన్ని కోర్లు, ఎంత మెమరీ, ఎన్ని గంటలు కావాలో రాసి, చివర బ్రౌజర్ తెరవకుండా జూపిటర్‌ని మొదలుపెట్టు. జాబ్ మొదలయ్యాక ఎస్‌క్యూ (squeue) కొడితే ఏ నోడ్ దక్కిందో కనిపిస్తుంది. ఇక లాగిన్ నోడ్ మీదుగా ఆ నోడ్‌కి ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ వేయాలి, అంటే నీ బ్రౌజర్ నుంచి అక్కడి జూపిటర్‌కి దారి. ఆ కమాండ్ కొట్టాల్సింది నీ ల్యాప్‌టాప్‌లో, క్లస్టర్‌లో కాదు. చాలామంది తడబడేది ఇక్కడే. ఇంకో చిక్కు: జూపిటర్ మామూలుగా లోకల్‌హోస్ట్ మీదే, అంటే తనున్న నోడ్ లోపలి పిలుపులే వింటుంది. నోడ్ పేరు మీద వినమని స్క్రిప్టులో చెప్పకపోతే ఈ టన్నెల్ పనిచేయదు.

పోర్టు సంగతి మరీ విడ్డూరం. పోర్టు అంటే ప్రోగ్రామ్ వినే తలుపు నంబరు, జూపిటర్ మామూలుగా 8888 తీసుకుంటుంది. ఆ నోడ్‌లో అప్పటికే ఎవరైనా దాన్ని వాడుతుంటే నీది చప్పుడు చేయకుండా 8889కి జరుగుతుంది. అది చూసుకోకుండా ఎవరిదో లాగిన్ పేజీ ముందు కూర్చుని, నా టోకెన్ (లోపలికి రానిచ్చే పాస్‌వర్డ్ లాంటిది) ఎందుకు తీసుకోదని ఒక పూటంతా జుట్టు పీక్కున్నాను. లాగ్ ఫైల్లో ఉన్న అడ్రస్ చూసి టన్నెల్ వేయి. విసుగనిపించి టోకెన్ తీసేసేవు సుమా, ఆ నోడ్‌కి చేరగలిగిన ఎవడైనా నీ పేరుతో నీ ఫైళ్లన్నీ చెరిపేయొచ్చు.

ట్యాబ్ మూస్తే నోట్‌బుక్ ఆగిపోయిందనుకోకు. వెనక నీ కోడ్‌ని నడిపే కర్నల్ నడుస్తూనే ఉంటుంది, జీపీయూ (భారీ లెక్కలు వేగంగా చేసే చిప్) మెమరీని పట్టుకునే ఉంటుంది. ఒకసారి సంక్రాంతికి ఊరెళ్తూ నేనలాగే వదిలేశాను. నాలుగు రోజులు జీపీయూ ఖాళీగా నా పేరు మీద ఉంది, క్యూలో నా వెనకున్న అమ్మాయికి పేపర్ గడువు దాటిపోయింది. తిరిగొచ్చాక ఆమె ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. లేచేముందు ఎస్‌క్యాన్సిల్ కొట్టి జాబ్ ఆపేయి. అసలు నువ్వు కూర్చుని ఆలోచించేంతసేపూ జీపీయూ ఎందుకు? చిన్న డేటాతో సీపీయూ మీద కోడ్ సరిచూసుకో. కర్నల్ రీస్టార్ట్ చేసి పైనుంచి కిందిదాకా అన్ని సెల్స్ (నోట్‌బుక్‌లోని కోడ్ ముక్కలు) నడిపి చూడు. కుదిరిందంటే ఎన్‌బీకన్వర్ట్‌తో స్క్రిప్టుగా మార్చి, జీపీయూ అడిగి, ఎస్‌బ్యాచ్‌కి అప్పజెప్పి పడుకో.

అడిగిన గంటలు అయిపోతే స్లర్మ్ మొహమాటపడకుండా జాబ్ చంపేస్తుంది, మెమరీలో ఉన్నదంతా పోతుంది. ఫలితాలు ఎప్పటికప్పుడు డిస్క్ మీద రాసుకో.

ఎక్కడైనా ఆగిపోతే ఎర్రర్‌ని ఫోటో తీసి పంపకురా, టెక్స్ట్ కాపీ చేసి పంపు. నా కళ్లజోడుకి ఆ ఫోటోలు ఆనడం లేదు.

బాబాయి