పగిలింది చలికి, కారింది ఎండకి

ప్రశ్న: ఇంటి వెనక చిన్న స్విమ్మింగ్ పూల్ ఉంది. ఒక రాత్రి చలి సున్నా డిగ్రీల కిందికి దిగింది, అదే సమయానికి కరెంటు కూడా పోయింది. పొద్దున చూస్తే అంతా బాగానే ఉంది. మధ్యాహ్నం ఎండెక్కాక మాత్రం పంపు కింద నీళ్లు మడుగు కట్టాయి. ఫిల్టర్ ట్యాంకు మీద వెంట్రుకంత గీత కూడా కనిపిస్తోంది. ఎపాక్సీ జిగురు పూసేస్తే సరిపోతుందా?

జవాబు: ట్యాంకుకి మాత్రం వద్దండీ. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఉబ్బడానికి చోటు లేకపోతే ప్లాస్టిక్‌నైనా రాగినైనా చీల్చేస్తుంది, పైగా ఆ మంచే పగులులో బిరడాలా కూర్చుంటుంది కాబట్టి పొద్దున మీకేమీ కనపడలేదు. ఇక ట్యాంకు సంగతి. రెండడుగుల వెడల్పున్న గుండ్రటి మూత మీద 15 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 15 పౌన్ల) పీడనం అంటే దాదాపు 3 టన్నుల తోపుడు. పూసిన ఎపాక్సీ ఊడితే పోయేది నీళ్లు మాత్రమే కాదు, మూత ఎగిరి మనిషికి తగలొచ్చు. ట్యాంకు మార్చాల్సిందే.

పంపు విషయంలో అంత టెన్షన్ అక్కర్లేదు. బ్రేకర్ దించేసి, మోటారు షాఫ్ట్‌ని చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే మోటారు బతికినట్టే చాలాసార్లు, పగిలిన బాడీ ఒక్కటి మార్చుకుంటే చాలు, ఎలాగూ విప్పారు కాబట్టి షాఫ్ట్ సీల్ (షాఫ్ట్ దగ్గర నీళ్లు కారకుండా ఆపేది) కూడా కొత్తది వేసేయండి. పీవీసీ పైపు పగులు కంటికి కనిపించినంతే ఉండదు, ఇంకాస్త ముందుకి పాకి ఉంటుంది, అందుకని గీత చివర దాటి నాలుగైదు అంగుళాలు వదిలి కోసి, కప్లర్‌తో (రెండు పైపు ముక్కల్ని కలిపే తొడుగుతో) అతకండి. చలిలో సాల్వెంట్ సిమెంటు (పీవీసీ అతికే జిగురు) ఆరడానికి ఎక్కువ టైం పడుతుంది, డబ్బా మీద రాసినంతసేపు ఆగాకే నీళ్లు వదలండి (అందరూ తొందరపడేది ఇక్కడే). అన్నీ బిగించాక కూడా పూల్‌లోకి నీళ్లొచ్చే చోట బుడగలు వస్తుంటే పంపుకి ముందున్న పైపులో ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం. మొదట పంపు మూత ఓ-రింగ్ (మూత కింద ఉండే రబ్బరు రింగు) చూడండి. దానికి వాసెలిన్ రాయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది, సిలికాన్ గ్రీజే రాయాలి.

ప్రశ్న: మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి? పూల్ మొత్తం ఖాళీ చేసేస్తే?

జవాబు: ఆ పని మాత్రం చేయకండి, నేలలో నీటిమట్టం పైకి ఉంటే ఖాళీ పూల్ పడవలా పైకి లేస్తుంది. ఒకటి రెండు రాత్రుల చలైతే పంపు ఆపకుండా నడపండి, వాల్వులన్నీ కొంచెమైనా తెరిచి ఉంచండి, ఎందుకంటే నీరు కదలని పైపే ముందు గడ్డకడుతుంది. కరెంటు పోయిందా, వెంటనే బ్రేకర్ దించి పంపు, ఫిల్టర్, హీటర్ డ్రెయిన్ ప్లగ్గులన్నీ (లోపలి నీళ్లు వదలడానికి ఉండే బిరడాలు) తీసేయండి. హీటర్‌ని మర్చిపోవద్దు, లోపలి రాగి గొట్టాలు చీలితే అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు దానికే. చలికాలమంతా పూల్ మూసేసేవాళ్లు పైపుల్లో గాలి కొట్టి నీళ్లు వెళ్లగొట్టాలి, యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా ఆపే ద్రవం) పోస్తే పూల్ కోసం చేసినదే పోయాలి, కారుది విషం.

తీసిన ప్లగ్గులు పంపు బుట్టలోనే పడేయండి. వేసవిలో వాటికోసం ఇల్లంతా వెతకక్కర్లేదు.