శనివారం ఆటలో ఆవలింతలు

ప్రశ్న: మేం ఐదుగురం ఆఫీసు స్నేహితులం. ఏడాదిన్నరగా ప్రతి శనివారం రాత్రి మా ఫ్లాట్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం, పాచికలు వేస్తూ కథలో పాత్రలుగా ఆడే ఆట. కథ నడిపే డంజన్ మాస్టర్‌ని నేను, మిగతా నలుగురివీ తలా ఒక పాత్ర. మొదట్లో అర్ధరాత్రి దాటినా లేచేవాళ్లు కాదు. ఇప్పుడు ఏడో లెవెల్‌కి వచ్చారు, తొమ్మిదింటికే ఆవలింతలు మొదలవుతున్నాయి. ఒకతను తన వంతు వచ్చేదాకా ఫోన్‌లో రీల్స్ చూస్తుంటాడు. కొత్త రాక్షసుల్ని తెచ్చాను, రంగుల మ్యాపులు ప్రింట్ తీయించాను, రాజ్యం చరిత్ర ఇరవై పేజీలు రాశాను. అయినా లాభం లేదు. ఒక్క ఫైటే రెండు గంటలు పడుతోంది. ఈ క్యాంపెయిన్ (ఇన్నాళ్లుగా నడుస్తున్న కథ) ఆపేసి కొత్తది మొదలుపెట్టమంటారా?
— ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: ఆపకండి. ఏడాదిన్నర పాటు నలుగురిని వారం వారం ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడం మామూలు విషయం కాదు. కొత్తది మొదలుపెడితే మూడు నెలలు బాగుంటుంది, నాలుగో నెలలో నాకు మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు.

ముందు మీ నోట్‌బుక్ తీసి గత నాలుగు శనివారాల్లో ఏం జరిగిందో చూడండి. ఆ నలుగురూ వేరేగా ఏదైనా చేసి ఉంటే కథ మారేదా? మారేది కాదు అనిపిస్తే జబ్బు అక్కడే ఉంది. రాక్షసుల్ని మార్చినా మ్యాపులు మార్చినా తగ్గదు.

ఇది నేను పడ్డ బాధే. ఈ ఆట నేను నేర్చుకుంది అమెరికాలోని మిల్వాకీలో ఎం.ఎస్. చదివే రోజుల్లో. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన ఈ ఆట మొదటిసారి బయటికొచ్చిన లేక్ జెనీవా ఊరు అక్కడికి గంట ప్రయాణం. హైదరాబాద్ తిరిగొచ్చాక నల్లకుంటలో మా ఇంట్లోనే ఆదివారం ఆట పెట్టాను. మూడో ఏడు వచ్చేసరికి మీ పరిస్థితే. ఒకరోజు నేను ఏదో రాజవంశం గురించి చదివి వినిపిస్తుంటే, మా వాళ్లలో అందరికంటే చిన్నమ్మాయి "అక్కా, ఫైట్ వచ్చినప్పుడు లేపు" అని సోఫాలో వాలిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి పాత నోట్సు మొదటి పేజీ నుంచి చదివాను. రెండో సెషన్‌లో ఒక పడవవాడు కనిపించాడు. మావాళ్ల పాత్రల్ని ఏరు దాటించాడు. తిరిగొచ్చేటప్పుడు ఆరు వెండి నాణేలు ఇస్తామని చెప్పి, వీళ్లు వేరే దారిలో వెళ్లిపోయారు. అప్పుడు అందరం నవ్వుకుని మర్చిపోయాం. ఆ వచ్చే ఆదివారం, ఒక ఊరి సత్రంలో వాళ్లు అన్నం తింటుంటే పదేళ్ల పిల్ల వచ్చి నిలబడింది. "మా నాన్న పడవ అప్పులోళ్లు పట్టుకుపోయారండి. మీరు ఆరు నాణేలు ఇస్తామన్నారంటండి. ఇస్తారా?" అంది. అక్కడ ఆపేసి, "మీరేం చేస్తారు?" అన్నాను. ఎవరూ పాచికలు ముట్టుకోలేదు. కాసేపటికి సోఫాలో వాలే అమ్మాయే ముందుకు జరిగి, "ఆ అప్పులోళ్లు ఎక్కడుంటారమ్మా?" అని అడిగింది. తర్వాత ఐదు ఆదివారాలు నాకు కొత్త కథ రాయాల్సిన పని పడలేదు.

మీ నోట్‌బుక్‌లోనూ అలాంటి వాళ్లుంటారు. మోసపోయినవాళ్లు, మీవాళ్ల చేతిలో ప్రాణాలు దక్కినవాళ్లు, "మళ్లీ వస్తాం" అన్న మాట నమ్మి కూర్చున్నవాళ్లు. ఓ ఏడెనిమిది పేర్లు రాసుకుని, శనివారానికి ఒకరిని గుమ్మంలోకి రానివ్వండి. మీరు రాసిన ఇరవై పేజీల కంటే తాము ఎగ్గొట్టిన బాకీ మీవాళ్లకు బాగా గుర్తుంటుంది.

ఇక మీ విలన్. కోటలో కూర్చుని వీళ్లు ఎప్పుడొస్తారా అని ఎదురుచూస్తున్నాడనుకుంటాను. అతన్ని కదిలించండి. బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఆటలో దీనికి మంచి పద్ధతి ఉంది. కాగితం మీద గుండ్రం గీసి నాలుగో, ఆరో, ఎనిమిదో ముక్కలు చేస్తారు, దాన్ని క్లాక్ అంటారు. మీ ఆటలో పాత్రలు ఎనిమిది గంటల లాంగ్ రెస్ట్ (కథలో విశ్రాంతి) తీసుకుంటే హిట్ పాయింట్లన్నీ, అంటే పోయిన ప్రాణబలమంతా, తిరిగొస్తాయి కాబట్టి, ప్రతి ఫైట్ తర్వాతా మీవాళ్లు హాయిగా పడుకుంటుంటారు. ఆరు ముక్కల గుండ్రం గీసి, పక్కన విలన్ పన్నాగం "ఆనకట్ట తెగుతుంది" అని రాసి బల్ల మధ్యలో పెట్టండి. లాంగ్ రెస్ట్ తీసుకున్న ప్రతిసారీ ఒక ముక్క పెన్సిల్‌తో నింపండి. దాచొద్దు, కళ్లముందు నిండుతుంటేనే టెన్షన్. ఆరూ నిండితే మాత్రం ఆనకట్ట తెగాల్సిందే, ఊరు మునగాల్సిందే. జాలిపడి ఒక్కసారి ఆపారంటే ఇక ఆ కాగితం వైపు ఎవరూ చూడరు.

ఫైట్‌కి రెండు గంటలు ఎందుకు పడుతోందంటే, ఆఖరి గోబ్లిన్ (పొట్టి రాక్షసుడు) చచ్చేదాకా కొట్టుకుంటున్నారు కాబట్టి. ఈ ఆటకే 1981లో వచ్చిన బేసిక్ సెట్‌లో మొరేల్ (మనోధైర్యం) అని ఒక రూల్ ఉండేది. ప్రతి రాక్షసుడికీ 2 నుంచి 12 లోపు ఒక అంకె ఉంటుంది. వాళ్ల వైపు మొదటివాడు చచ్చినప్పుడు ఒకసారి, సగం మంది పడిపోయినప్పుడు ఇంకోసారి రెండు మామూలు పాచికలు వేస్తారు. మొత్తం ఆ అంకె దాటితే మిగిలినవాళ్లు పారిపోతారు, లేదా లొంగిపోతారు. గోబ్లిన్లకు 7 పెట్టి చూడండి. పారిపోయినవాడు మళ్లీ ఎక్కడో ఎదురుపడతాడు, లొంగిపోయినవాడు నోరు విప్పుతాడు. అలాగే ఫైట్‌లో చంపడం కాకుండా వేరే పని కూడా ఉండాలి. కాలిపోతున్న గుడిసెలోంచి ముసలాయన్ని బయటికి తేవడం లాంటిది.

రీల్స్ చూసే అబ్బాయి మీద కోపం పెట్టుకోకండి, నలుగురిలో అడగకండి. ఆఫీసులో టీకి తీసుకెళ్లండి. "ఆట బోర్ కొడుతోందా?" అంటే మొహమాటానికి లేదంటాడు. "నీ పాత్రకి ఇప్పుడు ఏం కావాలి?" అని అడగండి. అతను ఆడేది రోగ్ (దొంగ పాత్ర) అయితే, ఆరు నెలలుగా తీయడానికి ఒక్క తాళం, కొట్టడానికి ఒక్క జేబు కూడా ఎదురుపడకపోతే, ఫోన్ తీయక ఏం చేస్తాడు?

మీకే అలసటగా ఉంటే ఒక పిట్టకథ వేయండి. జనం కునికిపాట్లు పడుతుంటే హరిదాసుగారు అసలు కథ ఆపి పిట్టకథ ఎత్తుకుంటారు చూడండి, అలాగే. మన ఆటలో దాన్ని వన్‌షాట్ అంటారు, ఒక్క రాత్రిలో అయిపోతుంది. ఆ శనివారం మీవాళ్లు తమ పాత్రల్ని పక్కనపెట్టి ఆనకట్ట కింది ఊరి మనుషులుగా ఆడతారు. ఒకరు చేపలమ్మే ఆవిడ, ఒకరు మంత్రసాని, ఒకరు పూజారి, ఒకరు రాత్రి కాపలావాడు. తర్వాతి వారం గుండ్రంలో ఐదో ముక్క నింపేటప్పుడు వాళ్ల ముఖాలు చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్నేహితురాళ్లతో ఈ ఆట ఆడతానంటోంది. ఇంగ్లీషు రూల్స్ పిల్లలకు కష్టంగా ఉన్నాయి, తెలుగులో ఆడొచ్చా? ఆటకి కావాల్సిన ఇరవై ముఖాల పాచిక మా ఊళ్లో దొరకలేదు.
— ఒక తల్లి, తుని

జవాబు: తప్పకుండా ఆడొచ్చమ్మా. మా ఆదివారం ఆట మొత్తం తెలుగులోనే. హిట్ పాయింట్లు, సేవింగ్ త్రో (ఆపద తప్పించుకోడానికి వేసే పాచిక) లాంటి మాటలు అలాగే వాడతాం, క్రికెట్‌లో ఎల్‌బీడబ్ల్యూ అన్నట్టు. ఐదో ఎడిషన్ ముఖ్యమైన రూల్స్‌ని 2023లో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా విడుదల చేశారు. మూలం పేరు రాసి మీరు తెలుగులోకి మార్చుకున్నా తప్పులేదు. అన్నీ అక్కర్లేదు, మొదటి ఆటకి రెండు పేజీలు చాలు. పాచిక కోసం ఆగొద్దు. 1 నుంచి 20 దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేయండి. తీసిన చీటీని మాత్రం ప్రతిసారీ తిరిగి గ్లాసులో వేసి కలపమనండి, లేకపోతే 20 వచ్చే అవకాశం ఒక్కొక్కరికి ఒక్కోలా అయిపోతుంది.