బత్తాయి తోట తాకట్టు పెట్టే ముందు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. అమ్మాయి నల్గొండలో బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. పాత చిత్రాలు, విగ్రహాలు బాగుచేసే కోర్సు చదువుతానని పట్టుబట్టింది. బోర్లు ఎండిన ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు పోసి కాపాడుకున్న బత్తాయి తోట ఉంది. అది తాకట్టు పెట్టి, 40 లక్షల లోన్‌తో అమెరికాలో డేటా సైన్స్ ఎంఎస్ చేయిద్దామని మా ఆలోచన. రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: డిగ్రీ పరీక్షలు అయిపోయే రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు నాకు ప్రతి ఏడాదీ వస్తాయి. పోలుస్తాను గానీ, ముందు ఒక మాట. 'మీ బిడ్డ ఏం చదువుతోంది' అని పెళ్లి పందిట్లో ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలనేదే మీ అసలు టెన్షన్ అనిపిస్తోంది. డేటా సైన్స్ అంటే మరో ప్రశ్న ఉండదు. బొమ్మలు బాగుచేస్తుందంటే నాలుగు ప్రశ్నలొస్తాయి. ఆ నాలుగు ప్రశ్నలకు భయపడి 40 లక్షల అప్పు చేస్తారా?

ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. అమ్మాయికి కోడింగ్ ఇష్టమని, లెక్కలు ఇష్టమని అందులో ఒక్క ముక్క లేదు. ఎంఎస్ అయ్యాక అక్కడ పనిచేసుకునే వీలు మూడేళ్లు. ఆలోపు ఉద్యోగ వీసా కోసం హెచ్-1బీ లాటరీలో పేరు రావాలి. ప్రపంచం మొత్తానికి కలిపి ఏడాదికి 85 వేల వీసాలు. పేరు తగలకపోతే ఇంటికి రావాల్సిందే, ఈఎంఐ మాత్రం ఆగదు. ఇష్టంతో వెళ్లిన పిల్లలు ఆ దెబ్బను తట్టుకుని ఇంకో దారి వెతుక్కుంటారు. నాన్న కోసం వెళ్లిన పిల్లలు గదిలో తలుపేసుకుని కూర్చుంటారు. అలాంటి పిల్లలతో నేను గంటల తరబడి మాట్లాడాను, అందుకే ఇంత కటువుగా చెబుతున్నాను.

ఇక అమ్మాయి అడిగే పని. ఫోన్‌లో చూసే వీడియోల్లో నల్లబడ్డ చిత్రం ఒక్క నిమిషంలో తళతళలాడుతుంది. నిజంగా జరిగేది వేరు. సన్నని పుల్లకు దూది చుట్టి, మురికిని కరిగించే ద్రావకంలో ముంచి, చిత్రం మీద రుద్దకుండా మెల్లగా దొర్లిస్తారు. దూది గోధుమరంగుకు తిరగగానే పారేసి ఇంకోటి చుట్టాలి. దూదికి చిత్రం రంగు అంటిందా, చెయ్యి ఆగిపోవాలి. కొన్ని చిత్రాలకు ఉమ్మి తడి కూడా వాడతారు, అందులోని ఎంజైములు మురికిని వదిలిస్తాయి. రోజంతా కూర్చుంటే ఒక్కోసారి అరచేయంత చోటే శుభ్రమవుతుంది.

ఏ ద్రావకం దేన్ని కరిగిస్తుందో తెలియకుండా ఈ పనిలో చెయ్యి పెట్టకూడదు. 1920ల మొదట్లో మన నిజాం ప్రభుత్వమే అజంతా చిత్రాల కోసం ఇటలీ నుంచి నిపుణులను పిలిపించింది. పెచ్చులూడుతున్న రంగును వాళ్లు నిలబెట్టారు, కానీ పైన పూసిన లక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కింది. దాన్ని తీయడానికి పురావస్తు శాఖ కెమిస్టులు దశాబ్దాలు కష్టపడ్డారు. తర్వాతివాళ్లు తీసేయగలిగేదే వాడాలన్నది అందుకే ఈ పనిలో మొదటి నియమం. మీ బిడ్డ చదివిన కెమిస్ట్రీ ఇక్కడ వృథా పోదు, ఇక్కడే ఎక్కువ అక్కరకొస్తుంది.

కష్టాలు దాచను. ప్రభుత్వ ఉద్యోగాలు తక్కువ, నోటిఫికేషన్లు అరుదు. మొదట్లో ఎక్కువగా కాంట్రాక్టు ప్రాజెక్టులే, జీతం సాఫ్ట్‌వేర్ దరిదాపుల్లో ఉండదు. ద్రావకాల ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు, గాలి బయటికి లాగే ఏర్పాటు తప్పనిసరి. మెడ, కళ్లు నొప్పి పెడతాయి. ఊళ్లు తిరగాలి. 'ఆడపిల్ల ఒక్కతే ఎలా' అంటారేమో, ఒక్కతినే అమెరికా పంపడానికి సిద్ధమైన తండ్రి నోయిడాకు భయపడితే నాకు అర్థం కాదు.

నోయిడా ఎందుకంటే, ఒకప్పటి నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్, ఇప్పటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ అక్కడుంది. అందులో కన్జర్వేషన్‌లో, అంటే పాత కళాఖండాలను కాపాడే పనిలో, రెండేళ్ల ఎంఏ ఉంది, సైన్స్ డిగ్రీవాళ్లూ చేరొచ్చు. లక్నోలో ఇదే పనికి జాతీయ పరిశోధనశాల ఉంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి సొంత ల్యాబ్ ఉంది. పురావస్తు శాఖ, వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ సరేసరి.

మన దగ్గర పనికి కొదవా? శ్రీశైలం నీళ్లలో మునగకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. పల్లెల్లో చూడండి, జాతర వచ్చిందంటే చెక్కిన స్తంభాలకు సున్నం, ఎనామిల్ పెయింట్ కొట్టేస్తున్నారు. శిల్పం కన్నూ ముక్కూ పూడుకుపోతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఎండిపోయే తోటను చెట్టు చెట్టుకూ నీళ్లు మోసి బతికించినవారు మీరు. పాతదాన్ని బతికించే పని మీకే చిన్నదిగా కనిపిస్తే ఎలా?

లోన్ మాట నెల రోజులు ఆపండి. ఒక ఆదివారం అమ్మాయిని పానగల్లు పచ్చల సోమేశ్వరాలయానికి తీసుకెళ్లండి, అక్కడే మ్యూజియం కూడా ఉంది. ఆ శిల్పాల ముందు ఆమెను మాట్లాడనివ్వండి, మీరు మధ్యలో అడ్డు రాకుండా వినండి. తర్వాత ఇద్దరూ కలిసి నాకు రాయండి.