138 అనే సంఖ్యను ఎంసెట్ ర్యాంకులా చదవకండి

ప్రశ్న: మేము కెనడాలోని మిసిసాగాలో ఉంటున్నాం. మా అబ్బాయి ఐస్ హాకీ ఆటగాడు, ఫార్వర్డ్. ఓహెచ్ఎల్‌లో (ఒంటారియో హాకీ లీగ్, ఇక్కడి జూనియర్ లీగ్) ఇది రెండో సీజన్. ఆగస్టు చివరి వారంలో 18 ఏళ్ళు నిండుతాయి. ఈ వేసవిలోనే ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్ట్, అంటే ప్రొఫెషనల్ లీగ్ జట్లు కుర్రాళ్ళను వరుసగా ఎంపిక చేసుకునే రోజు. ఎన్‌హెచ్ఎల్ వాళ్ళ సెంట్రల్ స్కౌటింగ్ విభాగం వేసే ర్యాంకుల జాబితాలో వాడికి 138 వచ్చింది. మరో జాబితాలో పేరే లేదు. 61 ఆటల్లో 26 పాయింట్లు (గోల్స్, గోల్‌కు ఇచ్చిన పాస్‌లు కలిపి) చేశాడు. అదే జట్టులో ఉన్న వాడి స్నేహితుడికి 58 ఉన్నాయి. కోచ్ పవర్ ప్లేలో దింపడు. విజయవాడలో మావాళ్ళందరికీ చెప్పేసుకున్నాం. ఇప్పుడు ఓహెచ్ఎల్‌లోనే ఉంచాలా, అమెరికా కాలేజీ హాకీకి పంపాలా, లేక మానిపించి ఇంజినీరింగ్ వైపు తిప్పాలా? మూడు దారులనూ పోల్చి చెప్పండి. ఒక సలహాదారు డబ్బు కడితే డ్రాఫ్ట్‌లో పేరు వచ్చేలా చూస్తానంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. నమ్మవద్దు. ఒక్క డాలరు కూడా ఇవ్వవద్దు. ఎన్‌హెచ్ఎల్‌లో 32 జట్లు ఉన్నాయి. ప్రతి జట్టూ ఆటగాళ్ళను వెతికే సొంత జీతగాళ్ళను, అంటే స్కౌట్లను, ఊరూరా తిప్పి తన జాబితా తానే రాసుకుంటుంది. బయటి మనిషి ఎవరూ అందులో పేరు చేర్చలేరు. మంచి సలహాదారులు ఉన్నారు, కాదనను. ఒప్పందం కాగితాలు చదివి పెడతారు, చదువు సంగతి చూస్తారు. వాళ్ళెవరూ డ్రాఫ్ట్‌కు హామీ ఇవ్వరు.

ఇక 138 సంగతి. రౌండుకు 32 ఎంపికల చొప్పున దాన్ని మీరు ఐదో రౌండ్ అని లెక్క వేసుకొని ఉంటారు. ఆ జాబితా ఉత్తర అమెరికాలో ఆడే స్కేటర్లది మాత్రమే. యూరప్‌లో ఆడేవాళ్ళకు వేరే జాబితా, గోల్‌కీపర్లకు వేరే జాబితా. ఏడు రౌండ్లలో కలిపి తీసుకునేది 224 మందినే. అన్నీ కలిపి చూస్తే మీ అబ్బాయి ఎంపిక కావచ్చు, కాకపోవచ్చు, ఆ సరిహద్దులో ఉన్నాడు. ఈ మాట మీకు చేదుగా ఉంటుందని తెలుసు. కానీ మొదటి కొన్ని పదుల పేర్లు దాటాక ఆటగాడికీ ఆటగాడికీ మధ్య తేడా చాలా పలచన. అందుకే ఒకరి జాబితాలో ఉన్న పేరు ఇంకొకరి జాబితాలో కనిపించదు. ఎంసెట్‌లో (ఇప్పటి ఈఏపీసెట్) అందరికీ ఒకే సిలబస్, మార్కులను బట్టి ర్యాంకు, ర్యాంకు వచ్చాక సీటు. ఇక్కడ జరుగుతున్నది అది కాదు. 23, 24 ఏళ్ళకు ఈ పిల్లవాడు ఎలా ఉంటాడని జట్లు వేస్తున్న అంచనా ఇది.

ఆ అంచనాలు ఎంత తప్పుతాయో రికార్డే చెబుతుంది. పావెల్ డట్స్యుక్‌ను 1998లో 171వ స్థానంలో తీసుకున్నారు. హెన్రిక్ లుండ్‌క్విస్ట్‌ను 2000లో 205వ స్థానంలో తీసుకున్నారు. ఇద్దరూ తర్వాత ఎన్‌హెచ్ఎల్ మేటి ఆటగాళ్ళయ్యారు. 2012లో అందరికంటే ముందు ఎంపికైన నెయిల్ యకుపోవ్ ఆరు సీజన్లకే ఎన్‌హెచ్ఎల్ వదిలి వెళ్ళాడు. ఇక కెనడాలోని సర్రేకు చెందిన పంజాబీ కుర్రాడు అర్ష్‌దీప్ బైన్స్‌ను ఏ జట్టూ డ్రాఫ్ట్ చేయలేదు. అతను జూనియర్‌లోనే కొనసాగి, 2021-22 సీజన్‌లో డబ్ల్యూహెచ్ఎల్ (పశ్చిమ కెనడా వైపు జూనియర్ లీగ్) అంతటికీ ఎక్కువ పాయింట్లు చేశాడు. ఆ సీజన్‌లోనే వాంకూవర్ జట్టు ఒప్పందం ఇచ్చింది, తర్వాత ఎన్‌హెచ్ఎల్‌లో ఆడించింది. మీ అబ్బాయిని ఈసారి ఎవరూ తీసుకోకపోయినా వచ్చే ఏడాది, ఆ పై ఏడాది కూడా తీసుకోవచ్చు. దారి మూసుకుపోదు.

ఇంకో విషయం మీరు రాశారు గానీ దాని బరువు గమనించలేదు. ఆగస్టు చివర పుట్టాడు. సెప్టెంబరు 15 లోపు 18 నిండేవాళ్ళకే ఆ ఏటి డ్రాఫ్ట్‌లో చోటు. అంటే తన బృందంలో మీవాడు దాదాపు అందరికంటే చిన్నవాడు. ముందటి ఏడాది సెప్టెంబరు చివర పుట్టినవాడికి మీవాడికంటే పదకొండు నెలలు ఎక్కువ. ఆ వయసులో పదకొండు నెలలంటే భుజాల వెడల్పు, తొడల బలం, మైదానం చుట్టూ ఉండే గోడ దగ్గర నిలదొక్కుకునే శక్తి. ఆస్టన్ మాథ్యూస్ సెప్టెంబరు 17న పుట్టాడు. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పిపోయి, ఇంకో ఏడాది ఎదిగి, 2016లో మొదటి ఎంపిక అయ్యాడు. 2025లో మొదటి ఎంపిక అయిన మాథ్యూ షేఫర్ పుట్టినరోజు సెప్టెంబరు 5. అనారోగ్యం, గాయం వల్ల ఆ సీజన్‌లో ఓహెచ్ఎల్‌లో ఆడింది 17 ఆటలే. పాయింట్ల పట్టికను బట్టే ఎంపిక జరిగేదైతే అతని పేరు ఎక్కడ ఉండేది?

26కూ 58కీ తేడా కూడా అంతే. పవర్ ప్లేలో ప్రత్యర్థి ఒక మనిషి తక్కువతో ఆడతాడు, పాయింట్లు సులువుగా వస్తాయి. స్నేహితుడి 58లో అలా వచ్చినవి ఎన్నో తీసేసి, ఇద్దరూ మంచు మీద గడిపిన నిమిషాలతో భాగించి చూడండి. అగాధం చాలావరకు పూడవచ్చు. స్కౌట్లు చూసేది మరొకటి. పక్ (హాకీ బిళ్ళ) తన వైపు వస్తుండగా, అది కర్రకు తగలక ముందే వెనక్కి తల తిప్పి ఎవరు మీద పడబోతున్నారో చూస్తున్నాడా? పక్ పోగొట్టుకున్నాక మొదటి మూడు అడుగులు ఎటు వేస్తున్నాడు, తన గోల్ వైపా, బెంచీ వైపా? ఒక ఆట వీడియో తీసుకొని మీవాడి షిఫ్టులు, అంటే వాడు మంచు మీద ఉన్న విడతలు మాత్రమే చూడండి, పక్ ఎక్కడుందో పట్టించుకోకుండా. మీరు ఇన్నేళ్ళలో చూడని కొడుకు కనిపిస్తాడు.

కాలేజీ దారి గురించి నా అనుమానాలు దాచుకోను. ఓహెచ్ఎల్‌లో ఒక్క ఆట ఆడినా ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంస్థ) తలుపు మూసుకుపోయే రోజులుండేవి. 2025 ఆగస్టు నుంచి ఆ నిబంధన పోయింది. గావిన్ మెకెన్నా అనే జూనియర్ ఆటగాడు డబ్ల్యూహెచ్ఎల్ జట్టు మెడిసిన్ హాట్ వదిలి అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళాడు. అప్పటి నుంచి ఇక్కడి తల్లిదండ్రులందరి నోటా ఒకటే మాట, కాలేజీ. మెకెన్నా అసాధారణ ప్రతిభ ఉన్నవాడు. మూడో లైన్‌లో, అంటే ప్రధాన ఆటగాళ్ళ తర్వాతి బృందంలో ఆడే 18 ఏళ్ళ కుర్రాడి సంగతి వేరు. తలుపు మీవాడి ఒక్కడికే తెరుచుకోలేదు, కెనడా జూనియర్ లీగుల్లోని వాళ్ళందరికీ తెరుచుకుంది. కాలేజీ జట్లలో 21, 22, 23 ఏళ్ళ మగవాళ్ళు ఉంటారు. ఓహెచ్ఎల్‌లో సీజన్‌కు 68 ఆటలు; కాలేజీలో అందులో సగం కంటే కాస్త ఎక్కువ. అందులోనూ బెంచీ మీద కూర్చుంటే ఎదగవలసిన ఏడాది కరిగిపోతుంది. హార్వర్డ్, కార్నెల్ వంటి ఐవీ లీగ్ కాలేజీలు ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వనే ఇవ్వవు. పేరు గొప్పగా ఉంటుందని, విజయవాడలో చెప్పుకోవచ్చని పంపేటట్లయితే పంపకండి. 20 ఏళ్ళకు, బలం వచ్చాక, ఆడిస్తామని కోచ్ స్పష్టంగా చెప్పిన చోటికి వెళ్ళడం మంచి ఆలోచనే. అప్పుడు నేనే వెళ్ళమంటాను.

మానిపించే మాట మాత్రం ఎత్తకండి. ఓహెచ్ఎల్‌లో ఆడిన ప్రతి సీజన్‌కూ ఒక ఏడాది చదువు ఖర్చు లీగ్ ఇస్తుంది; షరతులు ఉంటాయి, కాగితం చదవండి. ఆ డబ్బుతో కెనడా యూనివర్సిటీల్లో చదువుకుంటూ అక్కడి జట్లకు ఆడేవాళ్ళు ఎందరో ఉన్నారు. ఇంజినీరింగ్ మీద బాబుకే ఇష్టం ఉంటే పన్నెండో తరగతి కాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ వదలకుండా చూడండి చాలు. హాకీకీ చదువుకూ మధ్య గోడ కడుతున్నది లీగ్ కాదు, మీ కంగారు.

ఇప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడతాను. మీ ఉత్తరంలో మీ లెక్కలున్నాయి, కోచ్ మీద కోపం ఉంది, బంధువులున్నారు. బాబు అన్న మాట ఒక్కటి కూడా లేదు. 17 ఏళ్ళవాడు ఇల్లు వదిలి, పరాయి కుటుంబం ఇంట్లో ఉండి, రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి, పొద్దున్నే బడికి వెళ్తున్నాడు. ఆట అయ్యాక మీ నుంచి ఫోను వస్తే మొదట వినిపించేది స్నేహితుడి పాయింట్లు అయితే, ఆ పిల్లవాడికి తనవాళ్ళంటూ ఎవరు మిగిలారు? స్నేహితుడి పేరు ఇంట్లో ఎత్తడం ఈ రోజే ఆపండి. కోచ్‌కు మీరు మెయిలు రాయకండి. పవర్ ప్లేలోకి రావాలంటే నాలో ఏం మారాలి అని బాబే వెళ్ళి అడగాలి. విజయవాడవాళ్ళకు ఏం చెప్పాలో తెలియకపోతే ఓహెచ్ఎల్‌లో ఆడుతున్నాడని చెప్పండి. ప్రపంచంలో ఆ వయసు పిల్లలకు అంతకంటే గట్టి లీగులు వేళ్ళ మీద లెక్కించవచ్చు. అది చిన్న మాట కాదు.

నిర్ణయానికి ముందు నాకు రెండు విషయాలు కావాలి. డ్రాఫ్ట్‌లో పేరు రాకపోతే ఇంకో రెండేళ్ళు ఇదే జీవితం గడపాలని అతనికి ఉందా? ఆటకు సంబంధం లేకుండా అతనికి చదవాలనిపిస్తున్నది ఏమిటి? ఈ జవాబులు మీరు రాయకండి, బాబునే రాయమనండి. తెలుగు రాయడం రాకపోతే ఇంగ్లిషులో రాసినా ఫరవాలేదు.