కవి పేరిట కొలువైన పురస్కారం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఉక్రెయిన్ దేశపు షెవ్‌చెంకో జాతీయ పురస్కారాన్ని గతంలో ఒక జవాబులో ప్రస్తావించినప్పటి నుంచి దాని గురించి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఒకే విషయాన్ని అడిగినవాటిని కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: సంపాదకులకు నమస్కారం. ఒక దేశం తన సాహిత్యానికీ కళలకూ పత్రికారచనకూ ఇచ్చే అత్యున్నత పురస్కారానికి పందొమ్మిదో శతాబ్దపు కవి పేరు పెట్టడంలో ప్రత్యేకమైన కారణం ఉందా? ఆ కవి ఎవరు?

జవాబు: తరాస్ షెవ్‌చెంకో 1814 మార్చి 9న, కీవ్‌కు దక్షిణాన ఉన్న మోరింత్సి గ్రామంలో, భూమితో పాటే చేతులు మారే వెట్టి రైతుల ఇంట పుట్టాడు. యజమాని వెంట సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరిన ఆ కుర్రవాడి బొమ్మలు చూసి ముచ్చటపడిన కళాకారులు అతన్ని విడిపించడానికి ఒక ఉపాయం పన్నారు. ప్రసిద్ధ చిత్రకారుడు కార్ల్ బ్రుల్లోవ్, కవి ఝుకోవ్‌స్కీ చిత్తరువు గీశాడు. దానిని లాటరీలో పెట్టి సమకూర్చిన 2,500 రూబుళ్ళను యజమాని చేతిలో పోసి 1838లో అతని స్వేచ్ఛను కొన్నారు. రెండేళ్ళకు, 1840లో, అతని తొలి కవితా సంపుటి ‘కొబ్జార్’ వచ్చింది. కొబ్జా అనే తీగవాద్యాన్ని మీటుతూ ఊరూరా గాథలు పాడే గాయకుణ్ణి కొబ్జార్ అంటారు. ఆ మాట క్రమంగా కవికే మారుపేరై, ఇప్పటికీ ఉక్రెయిన్‌లో కొబ్జార్ అంటే షెవ్‌చెంకోయే.

1847లో ఒక రహస్య సంఘం కేసులో పట్టుబడినప్పుడు అతన్ని మామూలు సిపాయిగా ఓరెన్‌బుర్గ్ సీమకు పంపుతూ, రాయడమూ గీయడమూ నిషేధించి గట్టి నిఘాలో ఉంచమని రష్యా చక్రవర్తి (జారు) మొదటి నికొలాయ్ స్వహస్తాలతో ఆజ్ఞకు ఒక వాక్యం చేర్చాడు. షెవ్‌చెంకో మాత్రం అరచేతిలో ఇమిడే చిన్న చిన్న పుస్తకాలు కుట్టుకుని, వాటిలో చీమతలకాయంత అక్షరాలతో పద్యాలు రాసి, సిపాయి బూటు పైఅంచులో దాచుకునేవాడు. ఉక్రెయిన్ సాహిత్య చరిత్రలో వాటిని ‘బూటు పుస్తకాలు’ అనే పిలుస్తారు. పదేళ్ళ ప్రవాసం తర్వాత 1857లో విడుదలైన ఆయన 1861 మార్చి 10న కన్నుమూశాడు. వెట్టి రైతుల విముక్తి ప్రకటనపై జారు సంతకం అప్పటికే అయిపోయింది గాని, అది ప్రజల చెవిన పడడానికి ఇంకా వారం రోజులు ఉంది. ఆ మే నెలలో ఆయన అస్థికలను ద్నీప్రో నది ఒడ్డున కనీవ్ కొండ మీదికి తెచ్చి ఖననం చేశారు.

పురస్కారాన్ని 1961లో, ఆయన నూరవ వర్ధంతి సంవత్సరంలో నెలకొల్పారు. ప్రదానం సాధారణంగా ఆయన పుట్టినరోజైన మార్చి 9న జరుగుతుంది.

ప్రశ్న: 1961 అంటే సోవియట్ కాలం. పాలకులు తమకు నచ్చినవారి మెడలో వేసిన దండలనే స్వతంత్ర ఉక్రెయిన్ ఎందుకు కొనసాగిస్తోంది? పేరు మార్చి కొత్తది పెట్టుకోవలసింది కాదా?

జవాబు: మీ అనుమానం సహేతుకమే. మొదలుపెట్టింది సోవియట్ ఉక్రెయిన్ మంత్రిమండలి. 1962 నాటి తొలి గ్రహీతలు కవి పావ్లో తిచీనా, నవలాకారుడు ఒలెస్ హొన్చార్, స్వరకర్త ప్లాతోన్ మైబొరోదా, ముగ్గురూ ప్రభుత్వం దృష్టిలో ఏ మచ్చా లేనివారే. తర్వాతి దశాబ్దాల జాబితాలో కాలపరీక్షకు నిలవని పేర్లు చాలానే కనిపిస్తాయి. అయితే ఆ తొలి ముగ్గురిలోనూ ఒకరి కథ అంత నున్నగా సాగలేదన్నది గమనించండి. హొన్చార్ 1968లో ఒక పారిశ్రామిక పట్టణంలోని పాత కొయ్య చర్చిని కూల్చాలా నిలపాలా అన్న వివాదం చుట్టూ ‘సొబోర్’ నవల రాసినప్పుడు, పురస్కార గ్రహీత అన్న బిరుదు ఆయన్ను కాపాడలేదు. పత్రికల్లో దాడి జరిగింది, నవల దాదాపు ఇరవయ్యేళ్ళు మళ్ళీ అచ్చుకు నోచుకోలేదు.

నా దృష్టిలో ఈ పురస్కారాన్ని అర్థం చేసుకోవాలంటే గ్రహీతల పేర్లు చదివితే చాలదు, పేరు పక్కనున్న సంవత్సరాన్ని కూడా చదవాలి. రచన వెలువడిన ఏటికీ పురస్కారం వచ్చిన ఏటికీ మధ్య ఎంత దూరం ఉందో చూస్తే, ఆ దూరంలోనే దేశ చరిత్ర కనిపిస్తుంది. దీనికి ఒక సాయంత్రాన్ని ఉదాహరణగా చూపిస్తాను.

1965 సెప్టెంబర్ 4న కీవ్‌లోని ‘ఉక్రయినా’ సినిమాహాలులో సెర్హీ పరజానొవ్ చిత్రం ‘మరచిన పూర్వీకుల నీడలు’ ప్రదర్శన ఏర్పాటైంది. దానికి ముందు కొద్ది రోజులుగా కీవ్‌లోనూ పశ్చిమ ప్రాంతపు పట్టణాల్లోనూ యువ రచయితలనూ విద్యావంతులనూ గుట్టుచప్పుడు కాకుండా అరెస్టు చేస్తున్నారు. పత్రికల్లో ఒక్క ముక్క లేదు. చిత్రబృందాన్ని అభినందించే మిషతో వేదికెక్కిన విమర్శకుడు ఇవాన్ జూబా, నాలుగు మంచి మాటలు చెప్పి, వెంటనే ఆ అరెస్టుల సంగతి ఎత్తుకున్నాడు. హాలు అధికారులు అతన్ని మైకు దగ్గరి నుంచి నెట్టివేయజూశారు. అప్పుడు ప్రేక్షకుల మధ్య నుంచి వ్యాచెస్లావ్ చొర్నొవీల్ అనే పాత్రికేయుడూ, వసీల్ స్తూస్ అనే ఇరవైయేడేళ్ళ కవీ గొంతెత్తి, ఈ నిరంకుశత్వాన్ని వ్యతిరేకించేవారు లేచి నిలబడండని పిలుపునిచ్చారు. కొందరు నిలబడ్డారు, చాలామంది కుర్చీలకు అతుక్కుపోయారు. ఆ కాలంలో ఆ పట్నంలో, వెలుగుతున్న దీపాల కింద, పక్కవాడు చూస్తుండగా కుర్చీలోంచి లేవడానికి ఎంత గుండె కావాలో ఊహించడం మనకు కష్టమే.

తర్వాత ఏమైంది? స్తూస్ పరిశోధక విద్యార్థిగా ఉన్న సాహిత్య సంస్థ (దాని పేరూ షెవ్‌చెంకోదే) అతన్ని బయటికి పంపింది. 1972లో ఒకసారి, 1980లో మరోసారి అరెస్టయిన ఆ కవి పెర్మ్ ప్రాంతపు ఖైదుశిబిరంలో 1985 సెప్టెంబర్ 4న మరణించాడు. ఆ సినిమాహాలు సాయంత్రానికి ఆనాటికి సరిగ్గా ఇరవయ్యేళ్ళు. చొర్నొవీల్ జైళ్ళూ ప్రవాసమూ చూసి, ఆ తర్వాత జాతీయోద్యమ నాయకుడయ్యాడు. జూబా కూడా 1972లోనే అరెస్టయ్యాడు; పశ్చాత్తాప ప్రకటన రాసి బయటపడ్డాడు గనుక ఆ గాయం ఆయన్ను చాలాకాలం వెంటాడింది. పరజానొవ్ 1973 నుంచి 1977 దాకా ఖైదులో ఉన్నాడు.

ఇక జాబితా విప్పి చూడండి. 1991: వసీల్ స్తూస్, మరణానంతరం. 1991: ఇవాన్ జూబా. 1991: అదే చిత్రానికి పరజానొవ్, మరణానంతరం, కెమెరా పట్టిన యూరీ ఇల్యెంకో, నటి లరీసా కదొచ్నికొవాలతో కలిపి. 1996: చొర్నొవీల్. ఆ సాయంత్రం వేదిక మీదున్నవారూ, కింద కేకవేసినవారూ, తెర మీది సినిమా తీసినవారూ అందరూ చివరికి ఒకే పట్టికలో కలిశారు. 1961 నాటి ప్రభుత్వం కట్టిన ఇంట్లోకి ఆ ప్రభుత్వపు ఖైదీలే యజమానులై వచ్చాక, పాత బోర్డు పీకి కొత్తది పెట్టుకోవాలని ఎక్కువమందికి అనిపించలేదు. బోర్డు మీది పేరు ఎటూ షెవ్‌చెంకోదే. రాయకూడదని ఆజ్ఞ పొందిన మొదటివాడు ఆయనే కదా!

లీనా కొస్తెంకోనూ ఈ వరుసలోనే చూడాలి. 1961 తర్వాత 1977 వరకు ఆమె కవితల పుస్తకం ఒక్కటీ వెలువడలేదు. పదిహేడో శతాబ్దపు పాటల మనిషి మరుస్యా చురాయ్ గురించి ఆమె పద్యాల్లో రాసిన నవల 1979లో వచ్చింది. పురస్కారం 1987లో వచ్చింది.

ప్రశ్న: సాహిత్యం, సంగీతం, నాటకం, సినిమా, చిత్రకళల సరసన పత్రికారచన కూర్చోవడం ఆశ్చర్యంగా ఉంది. మరుసటి రోజుకు పాతబడే వార్తకు జాతీయ పురస్కారమా?

జవాబు: అక్కడి విభాగం పేరులో పత్రికారచన కంటే ముందు ‘పబ్లిసిస్తికా’ అన్న మాట ఉంటుంది. తెలుగులో దానికి ఒక్క పదం దొరకదు. సమకాలీన విషయం మీద ఆధారాలతో, వాదనతో, రచయిత తన పేరు పణంగా పెట్టి రాసే రచన అనుకోండి. చొర్నొవీల్‌నే తీసుకుంటే, 1965 అరెస్టుల తర్వాత జరిగిన విచారణల కాగితాలనూ, శిక్షపడిన ఇరవైమంది వివరాలనూ, వారి ఉత్తరాలనూ ఒకచోట చేర్చాడు. ఆ సంకలనం 1967లో పారిస్‌లో అచ్చయింది, సంకలనకర్త అదే ఏడాది జైలుకు వెళ్ళాడు. అందులో అలంకారాలు లేవు. ఎవరు, ఎక్కడ పుట్టారు, ఏం చదివారు, ఏ సెక్షన్ కింద ఎన్నేళ్ళు అన్నంతవరకే ఉంటుంది. ఆ పొడి వివరాల బలం ఏ కవితకూ తీసిపోదని నా అభిప్రాయం.

ఇటీవలి ఉదాహరణ స్తానిస్లావ్ అసెయెవ్. 2014 తర్వాత దొనెత్స్క్ రష్యా అనుకూల దళాల చేతిలోకి పోయినా ఆయన అక్కడే ఉండిపోయి, మారుపేరుతో రేడియో స్వొబోదాకు వ్యాసాలు పంపాడు. 2017లో పట్టుబడ్డాడు. ఆయన్ను ఎక్కువ కాలం ఉంచిన చెర పేరు ‘ఇజొల్యాత్సియా’. ఒకప్పుడది తాపనిరోధక సామగ్రి తయారుచేసే కర్మాగారం, 2010 నుంచి కళాకేంద్రం, 2014 నుంచి ఖైదు. 2019 డిసెంబర్‌లో ఖైదీల మార్పిడిలో ఆయన బయటికి వచ్చాడు; పట్టుబడక ముందు రాసిన వ్యాసాల సంపుటి ‘ఏకాంతంలో’ అనే అర్థం వచ్చే పేరుతో (‘ఇజొల్యాత్సియా’ అన్న మాటకు ఆ అర్థమూ ఉంది) వెలువడి, దానికే 2021లో పురస్కారం దక్కింది.

పత్రికారచనకే పరిమితమైన వేరే పురస్కారం కూడా ఉంది. ‘ఉక్రయిన్‌స్కా ప్రావ్దా’ స్థాపకుడు, 2000లో అపహరణకూ హత్యకూ గురైన హియోర్హీ గొంగాద్జె పేరిట 2019 నుంచి ఇస్తున్నారు. అయితే అది ప్రభుత్వం ఇచ్చేది కాదు.

ప్రశ్న: గ్రహీతలను ఎవరు ఎంచుతారు? వద్దని చెప్పినవారున్నారా?

జవాబు: సృజనకారుల సంఘాలూ సంస్థలూ ప్రతిపాదనలు పంపుతాయి, పురస్కార సంఘం వాటిని విడతలుగా వడపోసి, పేర్లు బయటపెట్టి, చివరికి రహస్య ఓటింగు జరుపుతుంది. ఆపై దేశాధ్యక్షుడు ఉత్తర్వు జారీ చేస్తాడు. చిక్కంతా ఈ చివరి మెట్టు దగ్గరే. 2011లో ‘నల్ల కాకి’ నవలకు ఎంపికైన వసీల్ ష్క్ల్యార్, ఉక్రెయిన్ సంస్కృతికి వ్యతిరేకి అని తాను భావించిన విద్యామంత్రి ద్మిత్రో తబాచ్నిక్ పదవిలో ఉన్నంతకాలం తాను స్వీకరించలేననీ, ప్రదానాన్ని వాయిదా వేయమనీ అధ్యక్షుడికి లేఖ రాశాడు. ఉత్తర్వు వెలువడినప్పుడు అందులో ఆయన పేరు లేదు. దానికి బదులుగా పాఠకులు చందాలు వేసుకుని ఆయనకు తమ సొంత బహుమతి ఇచ్చారు. ఆ నవల నడిచేది హొలోద్నీ యార్ అడవుల్లో, బోల్షెవిక్కులపై పోరాడిన 1920ల తిరుగుబాటుదారుల మధ్య. అటువంటి పుస్తకం రాసినవాడు ఉత్తర్వు కోసం చేతులు కట్టుకు నిలబడి ఉంటే అదే వింతగా ఉండేది.

ప్రశ్న: ఉక్రెయిన్‌లో నివసించనివారికి ఇస్తారా?

జవాబు: ఇస్తారు. అమెరికాలో స్థిరపడిన భాషావేత్త యూరీ షెవెల్యోవ్, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించే సెర్హీ ప్లోఖీ గ్రహీతల్లో ఉన్నారు. పరజానొవ్ సంగతి సరే సరి, ఆయన త్బిలిసిలో పుట్టిన ఆర్మేనియన్.

ప్రశ్న: యుద్ధం నడుస్తుండగా ఇటువంటి వేడుకలు అవసరమా అని మా ఇంట్లో వాదన జరిగింది. మీరేమంటారు?

జవాబు: మీ ఇంటి వాదనలో నేను తీర్పు చెప్పను గాని, జరిగినది చెబుతాను. 2022 మార్చిలో, రష్యా సేనలు కీవ్ శివార్లలో ఉండగానే, ఆ ఏటి గ్రహీతల పేర్లు ప్రకటించారు. 2024లో కవిత్వానికి పురస్కారం పొందిన యరీనా చొర్నొహూజ్, ద్మిత్రో లజూత్కిన్ ఇద్దరూ అప్పటికి సైన్యంలో పనిచేస్తున్నవారే. కాబట్టి వేడుక ఒకవైపు, యుద్ధం ఒకవైపు అని అక్కడ గీత గీయడం కుదరదు.

ఇంకొక పేరు. కీవ్‌కు ఉత్తరాన బొలొత్న్యా పల్లెలో బతికిన మరియా ప్రిమాచెంకో పల్లెటూరి చిత్రకారిణి. చుక్కలూ పూలూ నిండిన సింహాలనూ, లోకంలో లేని జంతువులనూ చిక్కటి నీటిరంగులతో గీసిన ఆమెకు 1966లో ఈ పురస్కారం వచ్చింది. ఆమె బొమ్మలు కొన్ని ఉన్న ఇవాన్కివ్ పట్టణపు మ్యూజియం 2022 ఫిబ్రవరి చివర, దాడి మొదలైన కొద్ది రోజులకే, మంటల్లో కాలిపోయింది. పైకప్పు అంటుకున్నాక స్థానికులు లోపలికి దూరి చేతికందిన బొమ్మలను బయటికి మోసుకొచ్చారు.