పాత కారును చలికాలానికి సిద్ధం చేయడం గురించి మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

1930 నాటి ఫోర్డ్ మోడల్ ఎ ట్యూడర్ సెడాన్ కొన్నావనీ, ఈ డిసెంబరులో మిషిగన్ రోడ్ల మీద దాన్ని నడపాలని ఉందనీ, ఎలాంటి హీటర్ బిగించుకోవాలో చెప్పమనీ రాశావు. హీటర్ కొనే ముందు ఆ కారులోకి చలిగాలి ఎక్కడెక్కడి నుంచి చొరబడుతోందో వెతుకు. ఆ గాలిని ఆపకుండా ఎంత పెద్ద హీటర్ పెట్టినా వేడి లోపల నిలవదు.

నీ కారు నేల చెక్క పలకలతో చేసింది. పెడళ్లు, స్టీరింగ్ కడ్డీ, గేరు రాడ్డు ఆ పలకల్లోని రంధ్రాల గుండానే పైకి వస్తాయి. కారు కదులుతున్నప్పుడు రేడియేటర్ గుండా దూసుకొచ్చిన గాలి ఆ సందుల్లోంచి నేరుగా పాదాలను తాకుతుంది. చీకటి పడ్డాక గరాజులో కారు కింద ఒక దీపం వెలిగించి లోపల కూర్చుంటే, వెలుతురు కనిపించిన ప్రతిచోటా గాలి వస్తుందని తెలుసుకోవచ్చు. పలకల అంచులకూ పెడళ్ల చుట్టూ మందపాటి ఫెల్ట్, ఇంజనుకూ కారు లోపలికీ మధ్యనుండే అడ్డుగోడ, అంటే ఫైర్‌వాల్‌లో తీగలు దూరే రంధ్రాలకు గ్రోమెట్లు అనే రబ్బరు వలయాలు, తలుపులకు స్పాంజి రబ్బరు బీడింగ్ వేయించు. ముందు అద్దం కింది అంచు బయటికి తెరుచుకునే రకం కాబట్టి, అక్కడి రబ్బరును తప్పకుండా మార్పించు. ఇంజను వైపు సందులు మూస్తే చలితోపాటు పొగ కూడా ఆగుతుంది.

ఆ రోజుల్లో ఈ కార్లకు మానిఫోల్డ్ హీటర్లు విరివిగా అమ్మేవారు. ఇంజను పొగను బయటికి తీసుకుపోయే ఇనుప గొట్టం, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చుట్టూ రేకు తొడుగు బిగిస్తే, ఫ్యాను తోసిన గాలి అందులో వేడెక్కి కాళ్ల దగ్గరికి చేరేది. కొద్ది నిమిషాల్లోనే వెచ్చదనం ఇచ్చే చవకైన ఏర్పాటు అది. పాతసామాను అమ్మేవాళ్లు నీకూ దాన్నే చూపిస్తారు, కానీ దయచేసి బిగించుకోవద్దు. మానిఫోల్డ్ అతుకు దగ్గర పొగ కారకుండా ఆపే గాస్కెట్ కాస్త కాలిపోయినా, ఇనుము సన్నగా చీలినా, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఆ వేడిగాలితో కలిసి లోపలికి వస్తుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు మించి గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, మగత కలుగుతాయి. నడిపేవాడు వాటిని ప్రయాణపు అలసట అనుకుంటాడు, ప్రమాదమంతా అక్కడే ఉంది.

పెట్రోలు మండించి వేడి పుట్టించే సౌత్‌విండ్ లాంటి హీటర్లు 1930లలో మంచి పేరు తెచ్చుకున్నాయి. అయితే నీ కారు పెట్రోలు ట్యాంకు డాష్‌బోర్డుకు ఆనుకునే ఉంటుంది కనుక వాటి జోలికీ పోవద్దు.

నేను సిఫారసు చేసేది ఇంజనును చల్లబరిచే నీటిలోని వేడినే కారు లోపలికి అందించే వేడినీటి హీటర్. అది సరిగా పనిచేయాలంటే ముందు ఇంజనులోని నీరు తగినంత వేడెక్కాలి. 1920లలో నీరు గడ్డకట్టకుండా రేడియేటర్‌లో ఎక్కువగా ఆల్కహాలు కలిపేవారు. 78 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగి ఆవిరైపోయే ద్రవం అది, కాబట్టి ఇంజనును చల్లగా ఉంచక తప్పేది కాదు. 1927లో ప్రెస్టోన్ పేరుతో ఇథిలీన్ గ్లైకాల్ అమ్మకానికి వచ్చింది. అది మరిగేది 197 డిగ్రీల దగ్గర. ఇంజనును మరింత వేడిగా నడిపే వీలు దానివల్లే కలిగింది, వేడినీటి హీటర్లకు దారీ సుగమమైంది. నువ్వు నీరు, గ్లైకాల్ సమపాళ్లలో కలుపు. నీరు తగినంత వేడెక్కేదాకా దాన్ని రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్‌ను నీ కారుకు కంపెనీ ఇవ్వలేదు కాబట్టి, ఇంజను నుంచి రేడియేటర్‌కు వెళ్లే పై హోస్ (రబ్బరు గొట్టం)లో 70 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకునేది అమర్చు. హీటర్‌కు వెళ్లే వేడినీటిని థర్మోస్టాట్‌కు ముందే తీసుకుని, తిరిగొచ్చే గొట్టాన్ని కింది హోస్‌కు కలుపు. ఫ్యాను మోటారు 6 వోల్టులదై ఉండాలి.

ఇక అద్దం సంగతి. లోపలి గాలినే తిప్పితిప్పి వేడిచేస్తే మన ఊపిరిలోని తేమ పేరుకుని, చల్లటి అద్దం మీద ఆవిరిగా పట్టి, చివరికి మంచు పొరవుతుంది. గడ్డకట్టే చలిలో బయటి గాలిలో తేమ బహు తక్కువ. దాన్నే వేడిచేసి అద్దం మీదికి వదిలితే ఆ పొర కరిగి ఆరిపోతుంది. నాష్ అనే అమెరికన్ కంపెనీ 1938 మోడల్ కార్లలో బయటి గాలిని వడకట్టి, వేడిచేసి, లోపల కొద్దిపాటి ఒత్తిడి నిలిచేలా పంపేవారు. ఆ ఒత్తిడి వల్ల సందుల్లోంచి చలిగాలి లోపలికి రాలేకపోయేది. ఒక్క ఏర్పాటుతో వేడి, స్పష్టమైన అద్దం, చలిగాలి నివారణ మూడూ సాధించిన ఆ ఇంజనీర్ల ఆలోచన అంటే నాకు ఎనలేని గౌరవం. నువ్వు కూడా రేడియేటర్ ముందు నుంచి సన్నని గొట్టం ద్వారా గాలిని హీటర్‌కు అందించు. ఇంజను గదిలోని గాలిని మాత్రం ఎన్నడూ తీసుకోకు. అద్దం కింద వెడల్పంతా సన్నటి చీలిక లాంటి నోరు పెడితే, వేడిగాలి పరదాలా పైకి పాకుతుంది.

సందులన్నీ మూశాక కూడా గాలి బయటికి పోయే దారి ఉండాలి. జనరల్ మోటార్స్ 1933లో ముందు తలుపులకు తిరిగే చిన్న అద్దాలు తెచ్చింది ఇందుకే. నీ కారు అంతకన్నా పాతది కాబట్టి పక్క అద్దాన్ని వేలెడంత దించి ఉంచు. రోడ్డెక్కే ముందే ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం కొని సీటు దగ్గర పెట్టుకో. హోస్ కలిపిన చోట్లను ఫొటోలు తీసి పంపితే, నీళ్లు నింపక ముందే చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య