తమ్ముడు రాసిన జాతి, అక్క అడిగిన ప్రశ్న

మేడమ్, మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. మా అమ్మాయికి ఇరవై రెండేళ్లు, ఎమ్మెస్సీ జువాలజీ చదువుతోంది. పుట్టుకతోనే అకాండ్రోప్లేసియా, అంటే ఎముకలు పొడవు పెరగని ఒక రకం మరుగుజ్జుతనం, ఎత్తు నాలుగడుగులు. బాబు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. వాడు రెండేళ్లుగా లాంగ్ నోట్‌బుక్కుల నిండా ఏదో రాస్తున్నాడు. అంతరిక్షంలో తిరిగే మరుగుజ్జుల జాతట, పేరు ‘లఘువులు’. వాళ్ల ఎముకలు, తిండి, ఓడలు, పెళ్లిళ్లు అన్నీ బొమ్మలేసి మరీ రాశాడు. మొన్న అమ్మాయి అవి చదివింది. అప్పట్నుంచి వాడితో మాటల్లేవు. పెళ్లిళ్ల గురించి ఉన్న పేజీ పక్కన ఎర్ర పెన్నుతో ‘నలుగురు పిల్లల్లో ఒకరు ఎందుకు చనిపోతున్నారో రాయలేదేం?’ అని రాసిపెట్టింది. నాకేమీ అర్థం కాలేదు. వాడేమో ‘అక్క కోసమే రాశాను’ అని ఏడుస్తున్నాడు. ఈఏపీసెట్ దగ్గరికొచ్చింది, ఆ పుస్తకాలన్నీ తగలబెడతానని మా వారు కేకలేస్తున్నారు. ఇదే సమయంలో మా ఆడపడుచు అమ్మాయికి ఒక సంబంధం తెచ్చింది. అబ్బాయి కూడా మా అమ్మాయిలాంటివాడే, బ్యాంకులో ఉద్యోగం. దీనికి అమ్మాయి అవుననదు, కాదనదు. ఈ మధ్య కాలేజీ నుంచి నడిచి వస్తూ దారిలో కూర్చుండిపోతోంది, బద్ధకం కూడా ఎక్కువైంది. ఎవరికి ఏం చెప్పాలో తెలియడం లేదు. కొన్ని పేజీల ఫొటోలు పంపుతున్నాను.
— ఒక తల్లి

అమ్మా,

మీ ఉత్తరంలో మీకు అర్థం కాలేదన్న ఆ ఎర్ర పెన్ను ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. మిగతా చిక్కులు చాలావరకు దాని చుట్టూనే ఉన్నాయి.

ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యువులో వచ్చే ఒక మార్పు వల్ల అకాండ్రోప్లేసియా వస్తుంది. 1994లో దీన్ని కనుక్కున్నారు. ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. మీ అమ్మాయిలో ఒక ప్రతి మారింది, రెండోది మామూలుగానే ఉంది. భార్యాభర్తలిద్దరికీ ఇదే మార్పు ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు ప్రతులూ మారినవే వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అలాంటి బిడ్డకు పక్కటెముకల గూడు మరీ ఇరుకుగా ఉండి ఊపిరి ఆడదు. సాధారణంగా కడుపులోనో, పుట్టిన కొద్ది రోజులకో పోతుంది. తల్లిదండ్రుల లాంటి బిడ్డ పుట్టే అవకాశం సగం. మామూలు ఎత్తు బిడ్డ పుట్టే అవకాశం మిగిలిన నాలుగో వంతు.

మీ అమ్మాయి జువాలజీ చదువుతోంది. ఈ లెక్క ఆమెకు ఎప్పుడో తెలిసి ఉంటుంది. మీ ఆడపడుచు సంబంధం చెప్పినప్పుడు మీ ఇంట్లో బహుశా జీతం, ఇల్లు, కట్నం, ‘ఇద్దరూ ఒకలాంటివాళ్లే, ఒకరినొకరు అర్థం చేసుకుంటారు’ అన్న మాటలు నడిచి ఉంటాయి. ఆమె మాత్రం ఈ నాలుగో వంతు గురించి ఒంటరిగా ఆలోచిస్తూ ఉండి ఉంటుంది. సరిగ్గా అప్పుడే తమ్ముడి పుస్తకంలో ‘లఘువులు లఘువులనే పెళ్లాడతారు. వేరేవాళ్లను చేసుకోవడం కులద్రోహం’ అని కనబడింది. వాడికి ఏ పాపమూ తెలియదు, కథ కోసం ఒక ఆచారం కల్పించాడు. కానీ అత్త నోటి వెంట విన్న మాటే తమ్ముడి చేతిరాతలో కనిపిస్తే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

అందుకని ఆ సంబంధం చెడ్డదని నేను అనడం లేదు. మరుగుజ్జుతనంలో వందల రకాలున్నాయి. ఆ అబ్బాయికి వేరే రకమైతే ఈ లెక్కే మారిపోతుంది. ఇదే రకమైనా సరే, పెళ్లి చేసుకుని, గర్భంలోనే పరీక్షలు చేయించుకుని పిల్లల్ని కన్న జంటలున్నాయి. పిల్లలు వద్దనుకుని హాయిగా ఉన్నవాళ్లూ ఉన్నారు. మామూలు ఎత్తున్నవాడిని చేసుకుంటే అకాండ్రోప్లేసియా ఉన్న బిడ్డ పుట్టే అవకాశం సగం, ఆ ప్రాణాపాయం మాత్రం ఉండదు. ఏ దారి ఎంచుకోవాలన్నది ఆమె ఇష్టం. ముందు ఆమెకు తెలిసింది మీకూ తెలియాలి కదా. ప్రస్తుతానికి మీ ఆడపడుచుకు ఒకటే చెప్పండి: ‘వదినా, డాక్టరుతో మాట్లాడాక, అమ్మాయి సరే అంటేనే ముందుకెళ్తాం, అప్పటిదాకా ఎవరికీ మాటివ్వకండి.’

మీరు అడగలేదు కానీ ఇంకొక మాట. అకాండ్రోప్లేసియా పిల్లల్లో నూటికి ఎనభై మంది మామూలు ఎత్తున్న తల్లిదండ్రులకే, కొత్తగా వచ్చిన మార్పు వల్ల పుడతారు. గ్రహణం రోజు బయటికి రావడం వల్లో, కడుపుతో ఉన్నప్పుడు ఏదో తినడం వల్లో వచ్చేది కాదు. ఇరవై రెండేళ్లుగా ఎవరైనా మిమ్మల్ని ఆ మాట అంటూ ఉంటే ఇక వినకండి.

ఇక మీ అబ్బాయి. మీరు పంపిన పేజీలు రెండుసార్లు చదివాను. వాడి లఘువులది బరువైన గ్రహం, గురుత్వం భూమికి ఒకటిన్నర రెట్లు. అందుకే కురచ కాళ్లు, లావు ఎముకలు, వెడల్పాటి ఛాతీ. పడినా తక్కువ ఎత్తు నుంచి పడతారు కాబట్టి విరగవట. బాగానే ఆలోచించాడు. శరీరం పెరిగేకొద్దీ ఎముక అంతకు మించి లావెక్కాలని గెలీలియో 1638లోనే రాశాడు. కురచ మనుషులకు తిండి, గాలి, ఇంధనం తక్కువ సరిపోతాయి కాబట్టి నక్షత్రాల దాకా మొదట వెళ్లింది వాళ్లేనని ఇంకో పేజీలో ఉంది. అదీ పూర్తిగా ఊహేం కాదు. 1961లో అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి గగారిన్ ఎత్తు 157 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల రెండంగుళాలు. ఆయన వెళ్లిన వోస్తోక్ అనే నౌక లోపల చోటు తక్కువ కాబట్టి పొడుగువాళ్లను అసలు పిలవనే లేదు. తప్పులూ లేకపోలేదు. ఎన్నేళ్లు తేలుతూ తిరిగినా లఘువుల ఎముకలు అరగవని రాశాడు. మన వ్యోమగాములకు తుంటి దగ్గర నెలకు నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు ఎముక సాంద్రత పోతుంది. వెన్ను సాగి ఎత్తు ఒకటి రెండంగుళాలు పెరుగుతుంది కూడా, దిగాక మళ్లీ మామూలే. ఆ గడ్డాల జడలు, సుత్తులు, రాతిలో తొలిచిన ఊళ్లు మాత్రం ఉత్తర యూరప్ పాత కథలవి. అక్కడ మరుగుజ్జులంటే రాళ్ల కింద ఉండే కమ్మరులు, దేవుడు థోర్‌కు సుత్తి చేసిచ్చింది వాళ్లే. అవి వీడియో గేముల మీదుగా మీ ఇంటిదాకా వచ్చి ఉంటాయి.

వాడికి తెలియాల్సింది ఇంకొకటుంది. లఘువులకు నాలుగడుగులే నిండు ఎత్తు, వాళ్లలో ఎవరూ పొట్టి కారు. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవి గుహలో 2003లో దొరికిన పాతకాలపు మానవ జాతి అలాంటిదే. అక్కడ దొరికిన ఒక ఆడమనిషి అస్థిపంజరం మూడున్నర అడుగులు, వాళ్లందరూ ఇంచుమించు అంతే. మీ అమ్మాయి సంగతి వేరు. అయిదున్నర అడుగుల వాళ్ల కోసం కట్టిన ఇంట్లో, ఎక్కే బస్సులో, కాలేజీలో ఆమె ఒక్కతే నాలుగడుగుల మనిషి. తమ్ముడు గ్రహం నిండా ఆమెలాంటివాళ్లను పుట్టించి ఇస్తే, ‘అయితే నేను మీ జాతి కాదా’ అని ఆమెకు అనిపించి ఉండొచ్చు. ప్రేమతో రాసినా అది గుచ్చుకుంటుంది.

అయినా ఆ పుస్తకాలు తగలబెట్టకూడదని గట్టిగా అంటున్నాను. కారణం మీరు పంపిన మూడో ఫొటో. లఘువుల ఓడలో నడవా బొమ్మ వేశాడు. తలుపు గడియ ఛాతీ ఎత్తులో ఉంది, స్విచ్చులు మోచేతి ఎత్తులో వరుసగా ఉన్నాయి. చుట్టంచూపుగా వచ్చిన ఒక పొడుగాయన నుదుటి మీద ప్లాస్టరు. పక్కనే వాళ్ల మ్యూజియం, అందులో గాజు పెట్టెలో ఒక నీలం ప్లాస్టిక్ స్టూలు. కింద ‘పూర్వకాలంలో దీని మీద ఎక్కేవారు’ అని రాసి ఉంది. నవ్వొచ్చింది. ఆ స్టూలు మీ ఇంట్లోదే అయి ఉంటుంది. అక్క రోజూ ఎన్నిసార్లు దాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతుందో ఆ ఇంట్లో ఒకడు గమనిస్తున్నాడు. వాడి వయసుకు ఆ గమనింపు చిన్నదేం కాదు.

మీ ఇంట్లో బాత్రూమ్ గడియ ఎక్కడుంది? గది స్విచ్చు? గ్యాస్ గట్టు, బీరువా పై అర, మంచినీళ్ల ఫిల్టరు? ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట, వడ్రంగికి ఒక పూట పని. అమ్మాయినే అడిగి, ఆమె చెయ్యి చాచి చూపించిన చోట పెట్టించండి. గడియలు మీ అబ్బాయి స్వయంగా బిగిస్తే ఇంకా మంచిది.

తమ్ముడు అక్కతో మళ్లీ మాట్లాడేటప్పుడు ‘నీ కోసమే రాశాను’ అన్న మాట ఎత్తొద్దని చెప్పండి. ఆమె అడగలేదు. ఆ మాట వినగానే మెచ్చుకోవాల్సిన బరువు ఆమె మీద పడుతుంది. గమనించారా, ఆమె పేజీ చింపలేదు, కొట్టివేయనూ లేదు. ప్రశ్న వేసింది. కాబట్టి వాడు ఆ పేజీ తీసుకెళ్లి, ‘అక్కా, ఇది నాకు తెలియదు, చెప్తావా?’ అంటే చాలు. చెప్పకపోతే ఊరుకోవాలి. ఈ కథే వద్దంటే, ఆ పెళ్లిళ్ల అధ్యాయం వరకైనా పక్కన పెట్టాలి. ఒకవేళ చెప్తే మాత్రం, వాడి కథకు ఇంత చదువుకున్న పాఠకురాలు ఇంకెక్కడా దొరకదు. మీరు మధ్యలో కూర్చుని రాజీ కుదర్చొద్దు. ‘తమ్ముడే కదమ్మా, పోనీలే’ అని అస్సలు అనొద్దు.

2021లో యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ వైకల్యం ఉన్నవాళ్ల నుంచి వ్యోమగామి దరఖాస్తులు పిలిచింది. అందులో 130 సెంటీమీటర్ల లోపు ఎత్తున్నవాళ్లు కూడా అర్హులని రాశారు. మీ అమ్మాయి ఎత్తు సుమారు 122. పిలుపు యూరప్ దేశాల వాళ్లకే అనుకోండి, 2022 నవంబరులో ఎంపికైంది కూడా ఒక కాలు పోగొట్టుకున్న బ్రిటన్ డాక్టరు జాన్ మెక్‌ఫాల్. అయినా ఈ సంగతి వాడి నోట్‌బుక్కులో ఎక్కడా లేకపోవడం నాకు వింతగా అనిపించింది.

బద్ధకం అన్నారు చూశారా, ఆ మాట వెనక్కి తీసుకోండి. అకాండ్రోప్లేసియాలో వెన్నుపాము సాగే గొట్టం పుట్టుకతోనే ఇరుకు. ఇరవైలు దాటాక కొందరికి నడుస్తుంటే కాళ్లు బరువెక్కడం, తిమ్మిరి, మంట మొదలవుతాయి. కూర్చున్నా, ముందుకు వంగినా తగ్గుతాయి. దారిలో కూర్చోవడం అందుకే కావచ్చు. తిమ్మిరి ఉందా, మూత్రం ఆపుకోవడంలో ఇబ్బంది ఏమైనా ఉందా అని విడిగా అడగండి. ఈ నెలలోనే న్యూరో సర్జన్‌కో వెన్నెముక డాక్టరుకో చూపించండి, ఎంఆర్‌ఐ రాయొచ్చు. మూత్రం తేడా ఉంటే మాత్రం నెల దాకా ఆగొద్దు, ఆ రోజే వెళ్లాలి. అన్నిటికన్నా తొందరైన పని ఇదే.

ఈఏపీసెట్ విషయంలో మీ వారి టెన్షన్ న్యాయమైనదే. పరీక్ష అయ్యేదాకా లఘువులకు రాత్రి అరగంట, ఆదివారం ఇంకాస్త అని వాడితోనే ఒప్పందం రాయించుకోమనండి. గురుత్వం, ఎముక బలం, ఇంధనం లెక్కలు వేసేవాడికి ఫిజిక్స్ మీద విముఖత ఉండదు. తగలబెడతాననే బెదిరింపు మాత్రం ఆయనే స్వయంగా వెనక్కి తీసుకోవాలి. అమ్మాయి కూడా ఆ మాట విన్నది. తన గురించి మాట్లాడినందుకే ఇంట్లో పుస్తకాలు కాలుస్తారని ఆమె అనుకోకూడదు.

పెళ్లి, పిల్లల విషయం మాట్లాడటానికి హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. అక్కడ ఇలాంటి కుటుంబాలకు కౌన్సెలింగ్ చేస్తారు. వెళ్లేటప్పుడు అమ్మాయి చిన్నప్పటి ఎక్స్‌రేలు, పాత రిపోర్టులు, జన్యు పరీక్ష చేయించి ఉంటే ఆ కాగితం పట్టుకెళ్లండి. ఆ అబ్బాయి వాళ్లు సుముఖంగా ఉంటే అతనికి డాక్టర్లు చెప్పిన రోగ నిర్ధారణ ఏమిటో కూడా అడిగి రాసుకోండి. ప్రయాణం గురించి అమ్మాయికి ముందే చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే తేదీ పెట్టుకోండి. డాక్టరు గదిలోకి మొదట ఆమెను ఒక్కదాన్నే వెళ్లనివ్వండి. ఆమె పిలిస్తే అప్పుడు మీరూ వెళ్లండి.